ఎనభై ఆరు డిగ్రీలు

"వేడికి ఆగిపోయింది. అంతకుమించి ఇందులో తవ్వడానికేం లేదన్నయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ.

డిటెక్టివ్ గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బా మూత స్క్రూలు నాలుగూ విప్పి, వాటిని ఒక కాగితం మీద వరసగా పెట్టాడు. మెషీన్ రూమ్‌లో ఊరికే నిలబడితేనే ఒళ్ళు ఉడికిపోతోంది. అతని చేతిలోని చిన్న థర్మామీటర్ నలభై ఎనిమిది చూపిస్తోంది. ఈ గోడకు అవతలున్న నాలుగో నంబరు గదిలో మాత్రం ఒకే ఒక్క డిగ్రీ. అక్కడ యాపిల్ పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఆ గదిలోనే మొన్న బుధవారం గోదాము యజమాని చనిపోయాడు.

యాపిల్ నెలల తరబడి నిలవుండాలంటే చల్లదనం ఒక్కటే చాలదు. గది మూసేసి, లోపలికి నైట్రోజన్ పంపి, ఆక్సిజన్ దాదాపు లేకుండా చేస్తారు. ఆ గాలికి రంగుండదు, వాసనుండదు. మనిషి అడుగుపెడితే నాలుగైదు ఊపిరుల్లో కుప్పకూలిపోతాడు. అందుకే ప్రతి గది తలుపు పైనా రెండు లైట్లు పెట్టారు. ఎర్రది వెలిగితే లోపల గాలి లేనట్టు, పచ్చది వెలిగితే ఉన్నట్టు. లోపలి ఆక్సిజన్ కొలిచి ఆ లైట్లు మార్చేది ఈ డబ్బాలోని అరచేయంత కంప్యూటర్ బోర్డు. బుధవారం ఒంటిగంటన్నరకు నాలుగో గదికి నైట్రోజన్ వదిలారు. లైటు ఎర్రగా మారాలి. మారలేదు. మూడూ అయిదుకు తనిఖీకి వచ్చిన యజమాని పచ్చలైటు చూసి, నైట్రోజన్ పంపకుండా నిద్రపోతున్నారా అని కేకలేస్తూ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మూడూ ఇరవైకి ఆయన్ని బయటికి లాగారు. అప్పటికే అంతా అయిపోయింది.

"బోర్డు ఆగిపోతే లైటు కూడా ఆరిపోవాలి కదా?" అని ఇన్‌స్పెక్టర్ అప్పటికి రెండుసార్లు అడిగాడు.

"ఆరదు. బిగుసుకుపోయే ముందు ఏ లైటు వెలుగుతుంటే అదే వెలుగుతూ ఉంటుంది. కరెంటు అందుతోంది, మెదడు పనిచేయడం లేదు. అంతే."

వీళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. అక్క మొగుడు ఇరవై ఏళ్ళు పరికరాల పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాడు. ఏడాది క్రితం మానేసి డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. చెల్లెలి మొగుడు పోలీసుల్లో చేరి పైకొచ్చాడు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారు. ఇద్దరూ ఒకే కేసులో తగిలితే మాత్రం ఒకరి నీడ ఒకరికి గిట్టదు. పోలీసుల దర్యాప్తు మీద నమ్మకం లేక యజమాని కూతురు డిటెక్టివ్‌ని పిలిపించిందని తెలిసినప్పటి నుంచి ఇన్‌స్పెక్టర్ మొహం ముటముటలాడుతూనే ఉంది.

"సాయంత్రానికి రిపోర్టు ఇచ్చేయాలి," అన్నాడు. "పద్నాలుగు నెలల క్రితం ఇదే గదిలో ఒక ఆపరేటర్ పోయాడు. అప్పుడూ ఇలాగే నలుగురూ నాలుగు మాటలన్నారు. వారంలో తేల్చి పడేశాను."

డిటెక్టివ్ చెయ్యి ఆగింది. "ఇదే గదిలోనా? అప్పుడూ పచ్చలైటే వెలుగుతోందా?"

"వాడు గాలి కొలిచే చేతి మీటరు తీసుకెళ్ళలేదు. నిర్లక్ష్యం."

"నేనడిగింది లైటు సంగతి."

"బోర్డులో లోపం లేదని ల్యాబ్ వాళ్ళు రాసిచ్చారు. చాలా?"

"ఏ ల్యాబ్?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి ఏదో చూసుకోవడం మొదలుపెట్టాడు. "మూసేసిన కేసు గురించి నీకెందుకన్నయ్యా. ముందు దీని సంగతి చూడు."

డిటెక్టివ్ మళ్ళీ డబ్బా వైపు తిరిగాడు. బోర్డు మీద చిప్పు వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింక్, దాని మీద చిన్న ఫ్యాను. గోటితో కదిపితే ఫ్యాను సాఫీగా తిరిగింది. బేరింగ్ బాగానే ఉంది, రెక్కల మీద దుమ్ము కూడా పెద్దగా లేదు. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్న బోర్డు. హీట్ సింక్ పిన్నులు నొక్కి దాన్ని మెల్లగా పైకి తీశాడు. అడుగున మెత్తటి బూడిదరంగు ప్యాడ్ ఉంది. చిప్పులోని వేడిని లోహానికి అందించేది ఆ ప్యాడే. దానికీ చిప్పుకీ మధ్య ఏదో నీలంగా తళుక్కుమంది.

పట్టకారుతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. పల్చటి ప్లాస్టిక్ పొర. కొత్త ప్యాడ్ మీద అంటి ఉండేది, బిగించేముందు ఒలిచి పారేయాల్సింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వేశాడు. "ఒలవడం మర్చిపోయారు. వేడి చిప్పులోనే ఉండిపోయింది, చిప్పు ఉడికిపోయింది. నేనన్నదీ అదేగా. ప్రమాదం."

"ఈ ప్యాడ్ చూడు."

"చూశాను."

"సరిగ్గా చూడు. మధ్యలో చిప్పు చతురస్రం అచ్చు గుద్దినట్టు లోతుగా దిగివుంది. చిప్పు మీది అక్షరాలు కూడా తిరగబడి పడ్డాయి. ఏడాదిపాటు తిన్నగా చిప్పుకు అతుక్కుని ఉంటేనే అలా పడతాయి. ఇప్పుడీ పొర చూడు. దీని మీద గీత కూడా లేదు. ఇది ఏడాది క్రితం మర్చిపోయింది కాదు తమ్ముడూ. మొన్న పనిగట్టుకుని తెచ్చి పెట్టింది."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. అతను ఫైలు తెరిచి ఒక ప్రింటు కాగితం లాగాడు.

"హత్యంటావా? సరే, హత్యే అనుకుందాం. అలాగైతే మనిషి కూడా నా దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఈ బోర్డు నిమిషం నిమిషం తన వేడి రాసుకుంటుంది. బుధవారం పదకొండూ పదిహేడుకు ఆగి మళ్ళీ మొదలైందని ఇందులో ఉంది. అంటే డబ్బా తెరిచింది అప్పుడే. ఆ సమయంలో మెషీన్ రూమ్‌లో ఉన్న గోదాము మనిషి ఒకే ఒక్కడు. యజమాని అల్లుడు."

ఒక్క నిమిషం ముందు ప్రమాదమని వాదించినవాడు ఇంత తొందరగా మనిషిని పట్టేయడం డిటెక్టివ్‌కు వింతగా అనిపించింది. కాగితం చేతిలోకి తీసుకుని చదువుతూ ఆఫీసు గది వైపు నడిచాడు.

*

అల్లుడికి ముప్పయ్యేళ్ళుంటాయి. ఎదురుగా ఇద్దరు కూర్చునేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"మీ మామగారు నిన్ను పనివాళ్ళందరి ముందూ చెడామడా తిట్టేవాడట," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అందర్నీ తిట్టేవాడండి."

"కిందటి వారం చెయ్యి కూడా చేసుకున్నాడట."

అల్లుడి చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. "అందుకని చంపేస్తానా సార్? నా పిల్లలకు తాత ఆయన."

"పదకొండూ పదిహేడుకు ఎక్కడున్నావు?"

"మెషీన్ రూమ్‌లోనే. ఎలక్ట్రీషియన్లొచ్చారు, మెయిన్ బ్రేకరు మార్చడానికి. వాళ్ళకు ఏ స్విచ్ ఏదో చూపించాను. పదకొండూ నలభైకి మెయిన్ ఆపారు."

డిటెక్టివ్ కాగితం మీంచి తలెత్తాడు. "మెషీన్ రూమ్ మొత్తానికా?"

"అవునండి. గదుల చల్లదనానికి జనరేటర్ వేరే ఉంది. మెషీన్ రూమ్‌లో మాత్రం దీపం కూడా లేదు. పన్నెండూ పదికి నేను ఇంటికెళ్ళిపోయాను, గేటు పుస్తకంలో చూసుకోండి. పన్నెండున్నరకు ఎలక్ట్రీషియన్లు కూడా పని ముగించి వెళ్ళారట."

"కరెంటు ఎవరిచ్చారు?"

"తెలీదండి. ఒంటి గంటకు షిఫ్టువాళ్ళు కంప్రెసర్ ఆన్ చేశారంటే అప్పటికి ఎవరో ఇచ్చే ఉంటారు."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "కథలొద్దు. పదకొండూ పదిహేడుకు డబ్బా తెరిచిందెవరు?"

"నువ్వు కాస్త ఆగు," అన్నాడు డిటెక్టివ్. "తమ్ముడూ, ఈ ప్రింటు ఎవరు తీశారు?"

"మా స్టేషన్లో కంప్యూటర్ చూసేవాడు. టైమ్ ప్రకారం వరసగా పేర్చి తీశాడు. శుభ్రంగా ఉంది కదా."

"శుభ్రంగా కొంప ముంచాడు. ఈ అంకెలు చదివావా? పదకొండూ ముప్పైకి యాభై ఎనిమిది డిగ్రీలు. అదే నిమిషంలో ఇంకో వరస, డెబ్బై ఒకటి. ముప్పై ఒకటికి మళ్ళీ యాభై ఎనిమిది. ఆ పక్కనే డెబ్బై మూడు. లోహం అలా గంతులెయ్యదు. వేడెక్కడానికీ చల్లారడానికీ దానికి సమయం పడుతుంది. ఇవి రెండు వేరు వేరు సమయాల అంకెలు. మీవాడు వాటిని పేకముక్కల్లా కలిపేశాడు."

"ఒకే రోజు పదకొండున్నర రెండుసార్లు వస్తుందా అన్నయ్యా?"

"ఆ బోర్డుకు వచ్చింది. అసలు కార్డు ఎక్కడుంది?"

"చిప్పమ్మ దగ్గర," అన్నాడు అల్లుడు. "బోర్డులన్నీ చూసుకునేది ఆవిడే."

*

చిప్పులతో పని కాబట్టి పనివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు చిప్పమ్మ. ఆమె ఆ పేరుకే పలికేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ చివర సోల్డరింగ్ చురకల మచ్చలు. మేడ మీది వర్క్‌షాపు గదిలో బల్ల మీద పరికరాలన్నీ ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. కిటికీ లోంచి గదుల తలుపులున్న కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కనిపిస్తుంది. అప్పుడు సమయం మూడూ ఇరవై.

ఆమె ఏమీ అడగకుండానే మెమరీ కార్డు పెట్టి తెర వాళ్ళ వైపు తిప్పింది. "పేర్చకుండా, రాసింది రాసినట్టు చూడండి సార్."

పదకొండూ ముప్పై తొమ్మిది తర్వాతి వరస పదకొండూ పదిహేడు.

"గడియారం వెనక్కెళ్ళిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ బోర్డుకు బ్యాటరీ గడియారం ఉండదు సార్," అంది చిప్పమ్మ నింపాదిగా. "కరెంటు ఉన్నంతసేపే దానికి టైమ్ తెలుసు. గంటకోసారి, పదిహేడో నిమిషం దగ్గర, అప్పటి టైమ్‌ని కార్డు మీద రాసి పెట్టుకుంటుంది. కరెంటు పోయి వస్తే మళ్ళీ అక్కణ్ణించే లెక్కపెడుతుంది. నెట్ ఉంటే నిమిషంలో సరిచేసుకుంటుంది."

"నెట్ వైరు ఊడదీసి ఉంది. నేను చూశాను," అన్నాడు డిటెక్టివ్.

"అవును సార్."

అతను తెర మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయాడు. పదకొండూ ఇరవై ఏడు దగ్గర ఆగాడు. "ఇక్కడ వోల్టేజీ ఒక్కసారి కుంగింది. కంప్రెసర్ మొదలైనప్పుడు ఇలా కుంగుతుందా?"

"ప్రతిసారీ కుంగుతుంది."

"షిఫ్టు కంప్రెసర్ ఆన్ చేసేది ఒంటి గంటకు. దీని లెక్కలో పదకొండూ ఇరవై ఏడు. గంటా ముప్పై మూడు నిమిషాల తేడా." అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "నువ్వు పట్టుకున్న పదకొండూ పదిహేడు నిజానికి పన్నెండూ యాభై. అప్పటికి అల్లుడు ఇంటికి వెళ్ళి నలభై నిమిషాలు. గేటు పుస్తకం అతని పక్షానే ఉంది."

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డలా అయింది. మూడో మనిషి ముందు మాట పడటం అతనికి చేతకాదు.

"గడియారం కూడా లేని చెత్త డబ్బా మాట నమ్మి నేను దర్యాప్తు చేయాలా? నీ డిగ్రీలూ నిమిషాలూ నువ్వే లెక్కపెట్టుకో. నేను వెళ్ళి ఆ గది చూస్తాను. యజమాని ఎక్కడ పడ్డాడో, తలుపు ఎంత దూరమో కొలిస్తే తేలుతుంది." తలుపు దగ్గర ఆగి చిప్పమ్మను అడిగాడు. "నాలుగో గదిలో గాలి ఉందా ఇప్పుడు?"

"పాత డబ్బా మీకోసం అలాగే ఉంచి, పక్కన ఇంకో డబ్బాలో కొత్త బోర్డు పొద్దున్నే పెట్టాను. లైటు చూసుకోండి సార్," అంది.

అతను విసవిసా వెళ్ళిపోయాడు. డిటెక్టివ్‌కు ఆ గొడవ పట్టలేదు. తెర మీది వరసలు అతన్ని కట్టిపడేశాయి.

పదకొండూ ఇరవై ఒకటి, అంటే నిజానికి పన్నెండూ యాభై నాలుగు: వాచ్‌డాగ్ ఆపేశారు. బోర్డు పదిహేను సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే దాన్ని దానంతటదే రీస్టార్ట్ చేయించే ఏర్పాటు అది. పన్నెండూ యాభై ఎనిమిది: బోర్డు చేత ఎవరో లెక్కలు చేయించడం మొదలుపెట్టారు. ఎందుకూ పనికిరాని లెక్కలు, అంతులేనివి. లైట్లు మార్చడానికి దానికి నూటికి అయిదు పాళ్ళ సత్తా చాలు. ఇప్పుడు నూటికి నూరూ. ఆ తర్వాత వేడి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోయింది. అరవై ఆరు. డెబ్బై నాలుగు. ఎనభై. ఎనభై మూడు. ఆఖరి వరస ఒంటి గంటా ఇరవై అయిదు, ఎనభై ఆరు డిగ్రీలు. తర్వాత ఏమీ లేదు. అయిదు నిమిషాల తర్వాత గదిలోకి నైట్రోజన్ వదిలారు. తలుపు మీద పచ్చలైటు అలాగే వెలుగుతూ ఉంది.

పొర ఒక్కటే అయితే పొరపాటనుకోవచ్చు. లెక్కలు ఒక్కటే అయితే ప్రోగ్రాములో తప్పనుకోవచ్చు. వాచ్‌డాగ్ ఆపిన చెయ్యి మాత్రం తెలిసిన చెయ్యి.

"పన్నెండూ యాభైకి మెషీన్ రూమ్‌లో ఎవరున్నారమ్మా?"

"నేనే సార్."

ఎంత మామూలుగా చెప్పిందంటే, అతను ఒక్క క్షణం తాను సరిగ్గా వినలేదనుకున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పొర పెట్టింది నేనే. నెట్ వైరు పీకింది నేనే. కరెంటు ఇచ్చింది కూడా నేనే. మీరు ఎంతసేపట్లో అక్కడికి వస్తారా అని చూస్తున్నాను. గంటా పది నిమిషాలు పట్టింది."

"ఎందుకు చేశావు?"

"పద్నాలుగు నెలల క్రితం ఆ గదిలో పోయిన ఆపరేటర్ మా తమ్ముడు."

కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు డిటెక్టివ్.

"అప్పుడు బోర్డుకు ఫ్యాను లేదు, హీట్ సింక్ లేదు," అంది ఆమె. "మూసిన డబ్బాలో, ఆ కొలిమిలో, ఉత్త చిప్పు. రెండుసార్లు ఆగిపోతే వాడే కనిపెట్టి రీస్టార్ట్ చేశాడు. ఫ్యాను పెట్టించండని యజమానిని మూడుసార్లు అడిగాడు. అరచేయంత దానికి ఏసీ కావాలట్రా నీకు అని అందరి ముందూ నవ్వాడాయన. ఇంటికొచ్చి నాతో చెప్పాడు. వాడు కూడా నవ్వుతూనే చెప్పాడు సార్. యాపిల్ పండుకు ఒక్క డిగ్రీ అక్కా, మమ్మల్ని కాపాడాల్సిన దానికి ఎనభై ఆరు అన్నాడు. వారం తిరక్కుండా పచ్చలైటు చూసి లోపలికెళ్ళాడు."

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"వాడి నిర్లక్ష్యమని రాశారు. మా అమ్మ ఆ మాట చదివించుకుని విన్నది. నా కొడుకు నిర్లక్ష్యమా అని రోజంతా అదే అడిగింది, మర్నాడూ అదే అడిగింది. మూడు నెలలు కూడా బతకలేదు. నేను వాడు పోయిన రెండు నెలలకు ఇక్కడ పనికి చేరాను. నేనెవరో ఎవరూ అడగలేదు. సోల్డరింగ్ వచ్చా అన్నారు, వచ్చన్నాను."

"చేరాక ఫ్యాను పెట్టావు."

"ఫ్యాను పెట్టాను, హీట్ సింక్ పెట్టాను, వాచ్‌డాగ్ పెట్టాను. పనివాళ్ళు తిరిగే చోటు కదా. పన్నెండు నెలలు ఆ బోర్డును అరవై దాటనివ్వలేదు. బుధవారం ఒక్క పూట, ఆయన మా తమ్ముడికిచ్చిన బోర్డును ఆయనకు తిరిగిచ్చాను. పనివాళ్ళకు ఆ పూట రెండో గదిలో పని అప్పజెప్పాను. పచ్చలైటు చూస్తే ఆయన తిట్టడానికి లోపలికెళ్తాడని తెలుసు. తిట్టే అవకాశం వదులుకునే మనిషి కాదు."

డిటెక్టివ్ కుర్చీలో ముందుకు వంగాడు. "రిపోర్టు రాసింది యజమాని ఒక్కడే కాదు కదమ్మా."

"మూడు సంతకాలున్నాయి సార్. మొదటిది యజమానిది. రెండోది, బోర్డు కార్డును చూసి, అందులో ఎనభై ఆరు అంకె చదివి, ఆ కార్డును మాయం చేసిన ఇన్‌స్పెక్టర్‌ది." ఆమె కిటికీ వైపు చూసింది. "ఆ గదికి ఇవాళ ఒంటిగంటన్నరకు మళ్ళీ నైట్రోజన్ ఇచ్చాను. లైటు పచ్చగానే ఉంది."

అతను కిటికీ లోంచి చూశాడు. కారిడార్ మధ్యలో నాలుగో గది తలుపు మూరెడు తెరుచుకుని ఉంది. దాని ముందు ఎవరూ లేరు.

తను కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, మెట్లు ఎలా దిగాడో తర్వాత అతనికి గుర్తు రాలేదు. పరుగెడుతూనే మరదలి మొహం కళ్ళముందు ఆడింది. తలుపు సందులోంచి బూట్లు కనిపించాయి. ఇన్‌స్పెక్టర్ నాలుగడుగుల లోపల బోర్లా పడి ఉన్నాడు, పక్కన కొలత టేపు. అతణ్ణి లాగడానికి ఊపిరి పీలుస్తూ లోపలికి దూకితే తనూ అక్కడే పడతాడు. డిటెక్టివ్ గుమ్మం బయట ఆగి తలుపును బార్లా నెట్టాడు. వెనక్కి తిరిగి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నోరూ ముక్కూ బిగించి లోపలికి వెళ్ళాడు.

చలి మొహం మీద కొట్టింది. రెండు చేతులతో బెల్టు పట్టుకున్నాడు. బరువైన మనిషి. ఒక్క లాగుకు జానెడు కదిలాడు. ఇంకో లాగుకు ఇంకో జానెడు. చెవుల్లో హోరు మొదలైంది. ఊపిరి తీసుకోమని ఛాతీ తన్నుకుంటోంది. తలుపు పట్టాల దగ్గర బూటు ఇరుక్కుంది. తన్ని వదిలించాడు. గుమ్మం దాటాక పది అడుగులు ఈడ్చుకెళ్ళి, అప్పుడు నోరు తెరిచాడు.

ఇన్‌స్పెక్టర్ పెదాలు నీలంగా ఉన్నాయి. డిటెక్టివ్ అతన్ని వెల్లకిలా తిప్పి నోట్లోకి ఊదాడు. ఛాతీ మీద ఒత్తాడు. మళ్ళీ ఊదాడు. ఎన్నోసారికో తెలియదు, ఆ ఛాతీ దానంతటదే పైకి లేచింది. దగ్గు వచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి.

డిటెక్టివ్ గోడకు చేరగిలబడ్డాడు. కారిడార్ చివరి నుంచి చిప్పమ్మ నడిచి వస్తోంది. తొందర లేదు, భయం లేదు. పారిపోయే ఉద్దేశం ఏ కోశానా లేదు. అతని ముందు ఆగి, మడిచిన కాగితం అందించింది.

"మూడో సంతకం చూడండి సార్."

పాత కేసు రిపోర్టు నకలు. ఆఖరి పేజీకి ల్యాబ్ పరీక్ష కాగితం జతచేసి ఉంది. *నమూనా బోర్డు: ఒకటి. డబ్బా లేకుండా, బల్ల మీద, పరీక్ష గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. వ్యవధి: రెండు గంటలు.* దాని కింద ఒక్క వాక్యం. *ఈ బోర్డు వేడి వల్ల ఆగిపోయే అవకాశం లేదు.*

ఆ కింది సంతకం అతనిది.

అతనికి గుర్తొచ్చింది. ఒక ఆదివారం ఫోన్. చిన్న పనన్నయ్యా, ఒక్క లైను రాసివ్వు, ఎక్కడి బోర్డో నీకనవసరం. తోడల్లుడు కదా అని రాశాడు. మూసిన డబ్బాలో పెట్టి చూడలేదు. నలభై ఎనిమిది డిగ్రీల గదిలో పెట్టి చూడలేదు. చల్లటి గదిలో రెండు గంటలు చూసి, చూడనిదాని గురించి రాశాడు. ఎవరి గురించి రాశాడో ఎన్నడూ అడగలేదు.

"యజమాని కూతురికి మీ పేరు చెప్పింది నేనే," అంది చిప్పమ్మ. "వాళ్ళిద్దరికీ గాలి లేకుండా చేయాలనుకున్నాను. మీకు అది చాలదు. మీరు కోర్టులో నిలబడాలి. ఏం పరీక్షించారో, ఏం పరీక్షించకుండా రాశారో, మా తమ్ముడి పేరు పలికి మీ నోటితో మీరే చెప్పాలి. అది విన్నాక నన్ను ఏ జైల్లో వేసినా నాకు ఫరవాలేదు."

ఇన్‌స్పెక్టర్ గోడ పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. గొంతు గరగరలాడింది. "ఆ కాగితం ఇలా ఇవ్వన్నయ్యా."

డిటెక్టివ్ కాగితాన్ని మళ్ళీ మడిచాడు.

"యజమానిని చంపానని ఆవిడే ఒప్పుకుంది కదా. అది చాలు. పాత కేసు తెరిస్తే నేనొక్కణ్ణే కాదు, నువ్వూ మునుగుతావు. ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరి మొహాలూ ఒక్కసారి గుర్తు తెచ్చుకో."

"ఇప్పుడే నీ ప్రాణం కాపాడాను తమ్ముడూ."

"అందుకే అడుగుతున్నాను. లేకపోతే లాక్కునేవాణ్ణి."

డిటెక్టివ్ జేబులోంచి సాక్ష్యాల కవరు తీశాడు. కాగితం అందులో పెట్టి అంటించాడు. పైన తారీఖు, సమయం రాశాడు. బాధ్యుల పేర్లు అన్నచోట పెన్ను ఒక్క క్షణం ఆగింది. యజమాని పేరు రాశాడు. ఇన్‌స్పెక్టర్ పేరు రాశాడు. ఆ కింద, అంతే స్పష్టంగా, తన పేరు రాసుకుని కవరు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అదంతా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి గొంతులో గరగర లేదు.

"మెయిన్ గేటు వేసెయ్యండి. పనివాళ్ళను పంపించెయ్యండి. హంతకురాలు దొరికింది. ఆవిడతో పాటు ఇంకొకడున్నాడు, సాక్ష్యం పట్టుకుని పారిపోయేలా ఉన్నాడు. నేను చెప్పేదాకా ఇద్దర్లో ఎవర్నీ బయటికి వదలొద్దు."

గేటు ఇనుప చక్రాలు కదిలిన చప్పుడు కారిడార్ దాకా వినిపించింది. డిటెక్టివ్ లేచి చిప్పమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. ఎదురుగా తన తోడల్లుడు, ఒక చెయ్యి గోడకు ఆనించి నిలదొక్కుకుంటూ, రెండో చేత్తో నడుము దగ్గరి రివాల్వర్ తోలు పట్టీ బొత్తం విప్పుతున్నాడు.